కొట్టం పేడ తాగే నీళ్లలోకి చేరకుండా: నేలలోని దారులు గుర్తుపట్టి మూసే పద్ధతి

పశువుల కొట్టం, పేడదిబ్బ, తాగునీటి బోరు. మన పల్లెల్లో ఈ మూడూ ఒకే దొడ్లో ఉండటం మామూలే. ఉన్న కొద్ది జాగాలోనే అన్నీ సర్దుకోవాలి కాబట్టి ఎవరినీ తప్పుపట్టలేం. అయితే వాన పడిన రోజు ఈ మూడింటి మధ్య నీళ్లు ఎటు నడుస్తున్నాయో చూసుకునేవాళ్లు తక్కువ. పేడ నీళ్లు భూమిలో ఇంకితే శుభ్రమైపోతాయన్న ధీమా మనలో బలంగా ఉంది. అందులో సగం నిజం. నేల సూక్ష్మజీవులను పట్టి ఉంచుతుంది, చంపుతుంది కూడా. కాకపోతే నీళ్లు మెల్లగా దిగినప్పుడే అది సాధ్యం. వేగంగా దిగే దారి ఒకటి దొరికిందంటే నేల చేయగలిగేది దాదాపు ఏమీ ఉండదు.

అందుకే ఇక్కడ చెప్పే పనులన్నీ ఆ దారుల గురించే. ముందు వాటిని కనిపెట్టాలి, తర్వాత ఒక్కొక్కటీ మూయాలి. రెండు గేదెలున్న ఇల్లయినా, యాభై ఆవుల డెయిరీ అయినా, గొర్రెల మంద అయినా పద్ధతి ఒకటే.

పేడలో ఏముంటుంది

పాలిచ్చే పశువు రోజుకు సుమారు 15 నుంచి 20 కిలోల పేడ వేస్తుంది. అందులో ఉండే సూక్ష్మజీవుల్లో ఎక్కువ శాతం హానిలేనివే. మనం భయపడాల్సినవి కొన్ని ఉన్నాయి. పేగుల్లో ఉండే ఈ. కోలై బాక్టీరియాలో ఓ157 అనే రకం పశువుకు ఏ జబ్బూ చేయదు. అదే మనిషి కడుపులోకి వెళితే రక్తవిరేచనాలు, చిన్నపిల్లల్లో కొందరికి ఏకంగా కిడ్నీలు దెబ్బతినడం. విరేచనాలు, జ్వరం తెచ్చే సాల్మొనెల్లా, కాంపిలోబాక్టర్ కూడా పేడలోనే వస్తాయి. లెప్టోస్పైరా పశువుల మూత్రంలో, ఎలుకల మూత్రంలో ఉంటుంది. పశువు ఈసుకుపోయేలా చేసే బ్రూసెల్లా, అలా ఈసుకుపోయిన పశువు మాయలో, స్రావాల్లో కోట్ల సంఖ్యలో ఉంటుంది. దూడలకు చిన్నప్పుడే అంటుకుని, ఏళ్ల తర్వాత ఆగని పారుడుగా బయటపడే జోన్స్ వ్యాధి సూక్ష్మజీవి అయితే తడి నేలలో, నిలవ నీళ్లలో నెలల తరబడి బతుకుతుంది.

ఒక విషయం గట్టిగా గుర్తుంచుకోవాలి. జబ్బుగా కనబడే పశువు పేడ ఒక్కటే ప్రమాదం అనుకోవద్దు. నిగనిగలాడే ఆరోగ్యమైన ఆవు కూడా ఓ157ను పేడలో వదులుతూ ఉండొచ్చు. కాబట్టి జాగ్రత్త మొత్తం మందకు వర్తించాలి.

నేల ఎప్పుడు ఆపుతుంది, ఎప్పుడు వదిలేస్తుంది

ఇది కాస్త ఓపికగా చదవండి. ఇది అర్థమైతే మిగతా పనులు ఎందుకు చేయాలో ఎవరూ చెప్పక్కర్లేదు.

బాక్టీరియా పొడవు ఒకటి రెండు మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు, రెండు వంతులు. నేల మరీ తడిసిపోకుండా ఉన్నప్పుడు నీళ్లు మట్టిరేణువుల మధ్య సన్నని సందుల్లోంచే పాకుతూ దిగుతాయి. ఆ ప్రయాణంలో బాక్టీరియా రేణువులకు అంటుకుంటుంది, ఇరుకు సందుల్లో చిక్కుకుంటుంది. అక్కడ వేడికి, తేమ లేక చస్తుంది. నేలలో బతికే ఇతర సూక్ష్మప్రాణులు దాన్ని తినేస్తాయి. రోజులు గడిచేకొద్దీ సంఖ్య పడిపోతుంది. మనం నేలను జల్లెడ అనుకుంటాం గానీ, అసలు పనిచేసేది ఈ ఆలస్యం.

భారీ వాన పడితే కథ మారిపోతుంది. నేల నిండిపోయాక నీళ్లు పెద్ద సందుల్లోకి మళ్లుతాయి. చచ్చిన వేళ్లు వదిలిన గొట్టాలు, వానపాముల బొరియలు, ఎలుక కలుగులు, ఎండాకాలం విచ్చిన నల్లరేగడి నెర్రెలు, అన్నీ దారులే. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. అంత సన్నని పగులు కూడా బాక్టీరియాకు రాజమార్గమే. దానికి తోడు వాననీటిలో లవణాలు చాలా తక్కువ. ఉప్పదనం ఉన్న నీళ్లలో రేణువులకు అంటుకుని ఉన్న బాక్టీరియా, లవణాలు లేని వాననీరు తగలగానే పట్టు వదిలేస్తుంది. అంటే వాన కొత్త పేడను మోసుకుపోవడమే కాదు, అంతకుముందు నేల పట్టి ఉంచినదాన్ని కూడా కదిలిస్తుంది.

ఇక మన నేలల సంగతి. తెలంగాణలో, రాయలసీమలో చాలాచోట్ల పైన కొద్ది అడుగుల మట్టి, దాని కింద మొరం, ఆ కింద గ్రానైట్ రాయి. బోరులో పడే నీళ్లు ఆ రాతి పగుళ్లలోవి. పగులులోకి చేరిన నీటిని వడకట్టేది ఏదీ లేదు. పల్నాడు, కర్నూలు, నంద్యాల వైపు సున్నపురాయి ఉన్నచోట ఇంకా జాగ్రత్త అవసరం. బెలూం గుహలు చూసినవాళ్లకు నీళ్లు సున్నపురాయిని ఎంతగా తొలిచేస్తాయో తెలుసు. అలాంటి చోట ఒకచోట దిగిన నీళ్లు ఎంతో దూరంలో ఏ వడపోతా లేకుండా తేలొచ్చు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో చిక్కు వేరే. అక్కడ వానాకాలంలో భూగర్భజలం పైపైకి వచ్చేస్తుంది. పేడగుంత అడుగుకీ ఆ నీటికీ మధ్య నేలే మిగలదు. కనీసం ఆరేడు అడుగుల పొడి నేల అడ్డుగా ఉంటేనే నేల తన పని తాను చేయగలుగుతుంది.

వాకర్టన్‌లో జరిగింది

కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో వాకర్టన్ అనే చిన్న పట్టణం ఉంది. అప్పటి జనాభా ఐదు వేల లోపే. ఊరికి నీళ్లిచ్చే బావుల్లో ఐదో నంబరు బావి లోతు 15 మీటర్లు. కేసింగ్, అంటే పై మట్టి, పై నీళ్లు లోపలికి రాకుండా దించే పైపు, మాత్రం పైనుంచి 5 మీటర్ల వరకే. ఆ కేసింగ్ ముగిసిన చోటికి కొద్ది కిందనే రాతి పగుళ్ల నుంచి నీళ్లు వచ్చేవి. పైన మట్టి పొర పలచన. దగ్గర్లోనే ఒక పశువుల ఫారం. 2000 సంవత్సరం ఏప్రిల్‌లో అక్కడ పొలానికి పేడ ఎరువు వేశారు. మే 8 నుంచి 12 వరకు ఎడతెరిపి లేని వాన, ఐదు రోజుల్లో 134 మిల్లీమీటర్లు. ఈ. కోలై ఓ157, కాంపిలోబాక్టర్ బావిలోకి చేరాయి. క్లోరిన్ తగినంత కలపలేదు, నీళ్లలో ఎంత మిగిలిందో రోజూ కొలవలేదు. ఏడుగురు చనిపోయారు. సుమారు 2,300 మంది జబ్బుపడ్డారు.

విచారణ జరిపిన న్యాయమూర్తి డెనిస్ ఓకానర్ ఆ రైతును తప్పుపట్టలేదు. ఎరువు వాడకంలో పాటించాల్సిన పద్ధతులే ఆయన పాటించాడు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది ఇదే. రైతు తన పని సక్రమంగా చేసినా, బావి కేసింగ్ పొట్టిది, కింద రాయి పగిలినది, క్లోరిన్ చాలనిది అయినప్పుడు ఒక్క ముసురు చాలింది. కాబట్టి ఎక్కడో ఒక్కచోట జాగ్రత్త పడితే సరిపోదు. 2016 ఆగస్టులో న్యూజిలాండ్‌లోని హేవ్‌లాక్ నార్త్ పట్టణంలోనూ ఇలాగే భారీ వానల తర్వాత గొర్రెల పేడ నుంచి కాంపిలోబాక్టర్ ఊరి బోర్లలోకి చేరి వేలమంది మంచాన పడ్డారు.

మొదటి పని: వానలో గొడుగేసుకుని దొడ్డి చుట్టూ తిరగండి

ఒక తెల్లకాగితం మీద మీ దొడ్డి గీయండి. కొట్టం, పేడదిబ్బ, మూత్రం పోయే కాలువ, బోరు లేదా బావి, ఇంకుడు గుంత, మరుగుదొడ్డి గుంత, పాడుబడిన బోరు ఉంటే అదీ, అన్నీ పెట్టండి. బోరు నుంచి ఒక్కోదానికి ఎన్ని అడుగులో టేపుతో కొలిచి రాసుకోండి. నేల వాలు ఎటుందో బాణం గుర్తు వేయండి.

తర్వాత మొదటి పెద్ద వాన పడ్డప్పుడు గొడుగేసుకుని బయటికి వెళ్లండి. ఎండలో చదునుగా కనబడే నేల వానలో తన వాలు తానే చూపిస్తుంది. టీ డికాషన్ రంగు నీళ్లు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. ఆగినచోట కాసేపు నిలబడండి. నీళ్లు నిలిచి ఉన్నాయా, బుడగలు వస్తూ ఎక్కడికో జారిపోతున్నాయా? బుడగలొచ్చేచోటే దారి. చాలా ఇళ్లలో అది బోరు కేసింగ్ పక్కన ఉండే సందే.

వాన లేనప్పుడు కూడా ఆ సందును పరీక్షించొచ్చు. కేసింగ్ పైపు చుట్టూ మట్టితో చిన్న గట్టు కట్టి ఒక బిందెడు మంచినీళ్లు పోయండి. చుట్టూ మట్టి గట్టిగా ఉంటే నీళ్లు చాలాసేపు నిలుస్తాయి. చూస్తూండగానే సుడి తిరిగి పైపు వెంబడి మాయమైతే, పేడ నీళ్లు కూడా అలాగే పోతున్నాయని అర్థం. మన దగ్గర చాలాచోట్ల బోరు వేసేటప్పుడు కేసింగ్‌కీ గుంతకీ మధ్య ఖాళీని సిమెంటుతో నింపరు. తవ్విన రాతిపొడినే తోసేస్తారు. అది ఏళ్ల తరబడి కుంగుతూ ఉంటుంది.

రెండో పని: నీళ్లు పరీక్ష చేయించండి

"టీడీఎస్ 150 ఉంది, నీళ్లు బ్రహ్మాండం" అని చాలామంది అంటూంటారు. టీడీఎస్ మీటరు కొలిచేది కరిగిన లవణాలనే. గ్లాసు నీళ్లలో లక్షల బాక్టీరియా ఉన్నా ఆ అంకె కదలదు. కానీ ఆ మీటరుతో ఇంకో మంచి పని ఉంది. మామూలు రోజుల్లో మీ బోరు టీడీఎస్ ఎంతో రాసుకోండి. భారీ వాన పడ్డ మర్నాడు మళ్లీ చూడండి. 900 ఉండేది ఒక్కసారిగా 600కు దిగిందంటే పైనుంచి వాననీళ్లు సూటిగా బోరులోకి దిగుతున్నాయి. నీళ్లు మబ్బుగా, రంగు మారి వచ్చినా అదే అర్థం. ఆ నీళ్లు వచ్చిన దారిలోనే పేడ కూడా వస్తుంది.

బాక్టీరియా కోసం రెండు పరీక్షలున్నాయి. ఒకటి హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష. గ్వాలియర్‌లోని రక్షణ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు 1982లో ప్రచురించిన పద్ధతి ఇది. సీసాలో గుర్తు వరకు నీళ్లు పోసి వెచ్చని చోట ఉంచితే, మల కాలుష్యం ఉన్నప్పుడు ఒకటి రెండు రోజుల్లో నీళ్లు నల్లబడతాయి. ధర తక్కువ, ఇంట్లోనే చేసుకోవచ్చు. నల్లబడకపోతే పూర్తి భరోసా అనుకోవద్దు, కానీ నల్లబడితే మాత్రం ఆ నీళ్లు కాచకుండా తాగొద్దు.

రెండోది ల్యాబు పరీక్ష. గ్రామీణ నీటి సరఫరా విభాగం ల్యాబుల్లో, తెలంగాణలో మిషన్ భగీరథ ల్యాబుల్లో చేస్తారు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగే నీళ్లు 100 మిల్లీలీటర్లలో ఈ. కోలై ఒక్కటి కూడా కనబడకూడదు. నమూనా తీయడంలోనే చాలామంది పొరపాటు పడతారు. కూల్‌డ్రింక్ సీసా కడిగి తీసుకెళ్తే కుదరదు. ల్యాబువాళ్లిచ్చిన శుద్ధి చేసిన సీసానే వాడాలి. దాన్ని కడగకూడదు, మూత లోపలి వైపు వేలు తగలకూడదు. మోటారు వేసి రెండు మూడు నిమిషాలు నీళ్లు వదిలాక పట్టాలి. సీసాను ఐసు పెట్టిన డబ్బాలో పెట్టి ఆరు గంటల్లోపు ల్యాబుకు చేర్చడం మంచిది. నైట్రేట్ కూడా చూడమని అడగండి. లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటితే పేడ, మూత్రం లేదా యూరియా నీళ్లలోకి దిగుతున్నట్టు అనుమానించాలి. నీళ్లు కాచినా నైట్రేట్ పోదు, పసిపిల్లల పాలలో ఆ నీళ్లు కలపకూడదు.

పరీక్షకు సరైన సమయం ఎండాకాలం కాదు. మే నెలలో బాగున్న బోరు జూలైలో చెడిపోవచ్చు. తొలకరిలో ఒక పెద్ద వాన పడ్డాక రెండు మూడు రోజుల్లో తీసిన నమూనా నిజం చెబుతుంది.

మూడో పని: బోరు, బావి భద్రం చేయండి

తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చే పని ఇదే, కాబట్టి డబ్బులు పరిమితంగా ఉంటే ముందు ఇక్కడే పెట్టండి.

కేసింగ్ పైపు నేల మట్టానికి కనీసం అడుగు పైన ఉండాలి. వాననీళ్లు నిలిచే చోటయితే ఇంకా ఎత్తు పెంచాలి. పైపు చుట్టూ రెండు మూడు అడుగుల లోతు తవ్వి, వదులు మట్టి తీసేసి, ఆ ఖాళీలో సిమెంటు కలిపిన పలచని ముద్ద పోసి గట్టిపరచండి. పైన నాలుగైదు అడుగుల వెడల్పు సిమెంటు గచ్చు వేసి, వాలు బయటి వైపు పెట్టండి. పైపు మూతి దగ్గర కేబులు, పైపు వెళ్లే సందులకు కూడా మూత బిగించాలి. అక్కడ గోనెసంచి కట్టి వదిలేస్తారు, దాంట్లోంచే బల్లులూ ఎలుకలూ దిగుతాయి.

కొత్త బోరు వేయిస్తుంటే కేసింగ్ గట్టి రాయిలోకి దిగేదాకా వేయమని దగ్గరుండి అడగండి. అడుగుకింత అని కేసింగ్ ఖర్చు పడుతుంది కాబట్టి మొరంలోనే ఆపేయాలనిపిస్తుంది. వాకర్టన్ బావి సంగతి అక్కడే తలచుకోవాలి.

ఊటబావి అయితే చుట్టూ మూడడుగుల గోడ, దాని చుట్టూ గచ్చు, పారే నీళ్లకు కాలువ ఉండాలి. పై పది అడుగుల్లో ఒరల మధ్య సందులు సిమెంటుతో పూడ్చండి. కింద ఊట వచ్చే చోట మూయక్కర్లేదు. బావి గట్టు మీద పశువులను కడగడం, పేడచేతులతో తాడు పట్టుకుని చేదడం మానాలి. చేదను కింద పెట్టకుండా కొక్కేనికి తగిలించండి.

ఇంకుడు గుంతల విషయం విడిగా చెప్పాలి. బోరు చుట్టూ గుంత తవ్వి, కేసింగ్‌కు రంధ్రాలు పెట్టి, దొడ్లో నీళ్లన్నీ అందులోకి మళ్లించడం చాలాచోట్ల కనబడుతుంది. నీళ్లు పెరగాలన్న తపన మంచిదే. కానీ కొట్టం దగ్గర అలా చేస్తే పేడ నీళ్లకు మనమే దారి వేసినట్టు. రంధ్రాల కేసింగ్‌లోకి పోయే నీళ్లకు రెండడుగుల కంకర, ఇసుక బాక్టీరియాను ఆపలేవు. ఇంటి కప్పు మీది వాననీళ్లను ఇంకించండి. దొడ్డి నీళ్లు, కొట్టం నీళ్లు అటు రానీయొద్దు.

ఎండిపోయి వదిలేసిన బోర్లు కూడా దారులే. పిల్లలు పడిపోకుండా వాటిని అడుగు నుంచి నేల మట్టం దాకా పూడ్చాలని 2010లో సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఇచ్చింది. నీళ్ల కోసమూ ఆ పని అవసరమే. పై పదిహేను అడుగులు బంకమట్టితో దట్టించి, మీద సిమెంటు వేయండి.

నాలుగో పని: కొట్టం, పేడదిబ్బ

మరుగుదొడ్డి గుంత బావికి 50 అడుగుల దూరంలో ఉండాలని మనకు పాత లెక్క ఒకటుంది. పేడదిబ్బకు నా సలహా వంద అడుగులు, అదీ బావికి దిగువ వైపు. అంత జాగా లేకపోతే దిబ్బ కింద నీళ్లు దిగని గచ్చు వేయాలి. రాతి నేలల్లో దూరం ఒక్కదాన్నే నమ్ముకోలేం, పగులు ఎటు పోతుందో పైకి తెలియదు. ఆ నేలల్లో దూరం ఉన్నా గచ్చు వేయడమే మేలు.

మొదట చేయాల్సింది బయటి నీళ్లు లోపలికి రాకుండా చూడటం. కొట్టం కప్పు మీది వాననీళ్లు దిబ్బ మీద పడకుండా ఒక రేకు కాలువ పెట్టండి. దిబ్బ ఎగువన అడుగు లోతు కాలువ తీసి పైనుంచి వచ్చే నీళ్లను పక్కకు మళ్లించండి. వానాకాలంలో దిబ్బ మీద టార్పాలిన్ లేదా తాటాకు పందిరి వేయండి. పేడ తడవకపోతే కారేది తగ్గుతుంది, నత్రజని కూడా నిలుస్తుంది. అంటే ఎరువు బలం మీకే మిగులుతుంది.

కొట్టం కడిగే ముందు పేడను పారతో ఎత్తేయండి. పైపు పెట్టి పేడనంతా నీళ్లతో తోసేసే అలవాటు వల్ల ఒక బుట్ట పేడ ఒక డ్రమ్ము మురుగవుతుంది. మిగిలిన కడుగు నీళ్లను గచ్చు వేసిన రెండు గదుల తొట్టిలోకి పంపండి. మొదటి గదిలో మడ్డి దిగుతుంది, రెండో గదిలో తేరిన నీళ్లు నేపియర్ గడ్డి మడికి పెట్టుకోవచ్చు. మడులు మార్చి మార్చి పెట్టండి, ఒకేచోట నిలవనీయొద్దు. ఆ గడ్డిని కోసి ఎండలో ఒకరోజు వాడ్చి వేయడం మంచిది. కొట్టానికీ చెరువుకీ మధ్య కనీసం ఇరవై ముప్ఫై అడుగుల వెడల్పున గరిక, వట్టివేరు దట్టంగా పెంచితే పారే నీళ్లు నెమ్మదించి మడ్డి అక్కడే దిగిపోతుంది.

పశువులను నేరుగా చెరువులోకి తోలకుండా గట్టు మీద తొట్టి కట్టి నీళ్లు పెట్టగలిగితే ఊరికీ పశువులకీ మేలు. నీళ్లలో నిలబడ్డ గేదె అక్కడే పేడ వేస్తుంది, అక్కడే తాగుతుంది. జోన్స్ వ్యాధి, లెప్టోస్పైరా మందలో పాకడానికి ఆ నీళ్లూ ఒక దారి.

ఐదో పని: పేడను మాగబెట్టండి

కుప్పగా పడి ఉన్నంత మాత్రాన పేడ మాగినట్టు కాదు. గాలి ఆడకుండా ఊరికే పడి ఉన్న గొర్రెల పెంటలో ఈ. కోలై ఓ157 ఏడాది దాటి బతికిన దాఖలాలున్నాయి. చంపేది వేడి. కుప్ప లోపల 55 డిగ్రీలు దాటాలి, అది రోజుల తరబడి నిలవాలి. అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో వరుస కుప్పలకు పెట్టిన నియమం 15 రోజులు ఆ వేడి, ఆలోపు ఐదుసార్లు తిరగేయడం. తిరగేయడం ఎందుకంటే కుప్ప అంచులు చల్లగా ఉంటాయి, అక్కడివి చావవు. బయటిది లోపలికి, లోపలిది బయటికి రావాలి.

కుప్ప నాలుగడుగుల ఎత్తు, అంతకు కాస్త ఎక్కువ వెడల్పు ఉంటేనే వేడి నిలుస్తుంది. ఒట్టి పేడ గడ్డకట్టి గాలి ఆడదు కాబట్టి వరిగడ్డి, కందికట్టె ముక్కలు, ఎండుటాకులు కలపాలి. గుప్పెట్లో పిండితే చేతికి తడి తగలాలి, నీళ్లు కారకూడదు. వేడి చూడటానికి థర్మామీటరు ఉంటే మంచిదే. లేకపోతే ఇనుప చువ్వను కుప్ప నడిమికి గుచ్చి పావుగంట ఉంచి లాగండి. లోపలున్న చివర పట్టుకుని రెండు మూడు క్షణాలకు మించి ఉండలేకపోతే కుప్ప పని చేస్తోంది. గోరువెచ్చగా ఉంటే గాలో తేమో తక్కువైంది, తిరగేయండి.

గోబర్ గ్యాస్ ప్లాంటు నుంచి బయటికొచ్చే పేడ జావ, అంటే స్లర్రీ గురించి ఒక మాట. ప్లాంటు తొట్టిలో సూక్ష్మజీవులు తగ్గుతాయి గానీ పూర్తిగా చావవు, మన ప్లాంట్లలో అంత వేడి రాదు. స్లర్రీని కూడా ఆరబెట్టి లేదా కంపోస్టులో కలిపి వాడండి.

ఆరో పని: పొలానికి ఎప్పుడు, ఎలా తోలాలి

ఎండాకాలంలో ఎరువు తోలే మన పాత అలవాటు చాలా మంచిది. ఎండకు, వేడికి బాక్టీరియా త్వరగా చస్తుంది, మోసుకుపోవడానికి నీళ్లు ఉండవు. లోపం ఎక్కడుందంటే, బండెడు బండెడుగా చిన్న కుప్పలు పోసి మృగశిర దాకా అలాగే వదిలేయడంలో. కుప్ప లోపల చల్లగా, తేమగా ఉంటుంది. మొదటి వానకు అదంతా ఒకేచోట కారుతుంది. తోలిన రోజే చిమ్మి, తేలికగా దున్ని మట్టిలో కలపండి. ఎకరాకు నాలుగు టన్నుల దాకా చాలు.

నల్లరేగడిలో ఇంకో మెట్టు ఉంది. ఎరువు చిమ్మేముందు గుంటకతో పైపైన ఒకసారి తోలి నెర్రెల నోళ్లు పూడ్చండి. లేకపోతే తొలకరి నీళ్లు పేడతో సహా మూడు నాలుగు అడుగుల లోతుకు క్షణాల్లో దిగిపోతాయి.

వాతావరణ శాఖ భారీ వర్షం హెచ్చరిక ఇచ్చిన రోజుల్లో, నేల నిండుగా తడిసి ఉన్నప్పుడు పేడగానీ స్లర్రీగానీ వేయొద్దు. బావి చుట్టూ వంద అడుగుల్లో అసలే వద్దు. పొలంలో గొర్రెల మంద పెట్టించే రైతులు కూడా ఈ దూరం పాటించాలి. రాత్రంతా వందల జీవాలు ఒకేచోట పడుకుంటాయి, పొద్దున్నే ఆ మడి దున్నేస్తే మంచిది. పచ్చిగా తినే కొత్తిమీర, ముల్లంగి, క్యారెట్ లాంటి పంటలకు మాగని పేడ వేస్తే కోతకు నాలుగు నెలల ముందే వేసి ఉండాలి. నేలను తాకని పంటలకు మూడు నెలలు. ఆకుకూరలు నెలలోపే కోతకొస్తాయి కాబట్టి వాటికి బాగా మాగిన ఎరువే వాడాలి.

పశువు ఈసుకుపోతే, హఠాత్తుగా చనిపోతే

ఈసుకుపోయిన పిండాన్ని, మాయను దిబ్బ మీద పారేయడం, కాలువలో వేయడం ఎంత ప్రమాదమో చెప్పలేను. చేతులకు గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. బావికి దూరంగా, వాననీళ్లు పారని మెరకలో లోతుగా పాతిపెట్టి సున్నం చల్లాలి, కుక్కలు లాగకుండా రాళ్లు పెట్టాలి. తడిసిన గడ్డిని కాల్చేయండి. 4 నుంచి 8 నెలల పెయ్యదూడలకు బ్రూసెల్లా టీకా ప్రభుత్వ కార్యక్రమంలో ఉచితంగా వేస్తారు, జీవితంలో ఒక్కసారి చాలు.

పశువు ఉన్నట్టుండి చనిపోయి ముక్కు, ఆసనం నుంచి గడ్డకట్టని నల్లని రక్తం కారితే దొమ్మ రోగం (ఆంత్రాక్స్) అని అనుమానించాలి. ఆ కళేబరాన్ని కోయొద్దు, చర్మం ఒలవొద్దు. కోస్తే గాలి తగిలి సూక్ష్మజీవి గట్టి గుడ్డులా మారి నేలలో దశాబ్దాలు బతుకుతుంది. పెద్ద వానలు, వరదలు వచ్చినప్పుడు అది మళ్లీ పైకి తేలి మేతకు అంటుకుంటుంది. కళేబరాన్ని ఎక్కడికీ ఈడ్చుకెళ్లకుండా వెంటనే 1962కు ఫోన్ చేయండి లేదా పశువైద్యాధికారికి చెప్పండి. ఎక్కడ, ఎలా పాతిపెట్టాలో వాళ్లే దగ్గరుండి చేయిస్తారు.

చివరి అడ్డు: క్లోరిన్

దారులన్నీ మూసినా క్లోరిన్ అవసరం పోదు. ముందు బావిలో నీళ్లు ఎన్ని లీటర్లో లెక్కేయాలి. వ్యాసాన్ని మీటర్లలో కొలిచి దాన్ని దానితోనే గుణించండి, నీటి లోతుతో గుణించండి, తర్వాత 785తో గుణించండి. 3 మీటర్ల వ్యాసం, 4 మీటర్ల నీళ్లు ఉంటే 3×3×4×785, అంటే సుమారు 28,000 లీటర్లు. మంచి బ్లీచింగ్ పౌడరు వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల లెక్కన 70 గ్రాములు పడుతుంది. మబ్బుగా ఉన్న నీళ్లకు, వరద చేరిన బావికి ఇది చాలదు, అప్పుడు మోతాదు పంచాయతీ లేదా ఆరోగ్య సిబ్బందితో నిర్ణయించుకోండి.

పౌడరును నేరుగా బావిలో చల్లొద్దు. ప్లాస్టిక్ బకెట్లో కొద్ది నీళ్లతో ముద్ద చేసి, బకెట్ ముప్పాతిక నిండా నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు వదిలేయండి. సున్నం అడుగున దిగుతుంది. పైన తేరిన నీటిని మాత్రమే ఇంకో బకెట్లోకి వంచి, దాన్ని తాడుతో బావిలోకి దించి పైకీ కిందికీ ఆడిస్తూ కలపండి. రాత్రి చేస్తే పొద్దుటికి సిద్ధంగా ఉంటాయి. కనీసం గంటసేపు వాడకూడదు. గంట తర్వాత లీటరుకు 0.5 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉందో లేదో పంచాయతీ దగ్గర ఉండే క్లోరోస్కోప్‌తో చూడమనండి. మూత తీసి నెలల తరబడి ఉంచిన పౌడరులో బలం పోతుంది, గాఢమైన వాసన రాకపోతే కొత్తది తెప్పించండి. బోరు ఉన్నవాళ్లు పై ట్యాంకులో ఇదే లెక్కతో కలుపుకోవచ్చు.

పరీక్షలో నీళ్లు చెడ్డవని తేలితే ఆ రోజు నుంచే తాగే నీళ్లు తెర్లించండి. బుడబుడమని ఒక నిమిషం మరిగితే ఈ బాక్టీరియా చస్తుంది. పాల క్యాన్లు కడిగే నీళ్లకూ ఇదే జాగ్రత్త పాటించండి, క్యాను అడుగున మిగిలిన నాలుగు చుక్కల నుంచి పాలన్నీ చెడతాయి. ఇంట్లో పిల్లలకు రక్తం కలిసిన విరేచనాలు అయితే మందుల షాపులో విరేచనాలు ఆగే బిళ్లలు కొనివ్వకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రం తగ్గుతోందేమో గమనించి డాక్టరుకు చెప్పండి, ఇంట్లో పశువులున్నాయన్న సంగతీ చెప్పండి. వరి మడిలో, కొట్టంలో పనిచేసేవాళ్లకు జ్వరంతో పాటు పిక్కల నొప్పులు, కళ్లు పచ్చబడటం ఉంటే లెప్టోస్పైరా పరీక్ష అడగండి.

కేసింగ్ సందు మూసి, క్లోరిన్ వేసిన వారం తర్వాత ఇంకో నమూనా పంపండి. క్లోరిన్ వాసన పూర్తిగా పోయాకే తీయాలి, లేకపోతే ఫలితం తప్పుగా బాగున్నట్టు వస్తుంది. ఆ పరీక్ష బాగున్నా, తర్వాతి పెద్ద వాన పడ్డాక మరోసారి చేయించండి.